అమలాపురం నుంచి వనస్థలిపురం దాకా తాతగారి ఇంటి సామాను: 17 అడుగుల బండి డైరీ

అమలాపురం పక్క ఊళ్లో మా తాతగారి ఇంట్లో ఉన్న టేకు సామానును, ఇనప్పెట్టెతో సహా, హైదరాబాదు వనస్థలిపురంలోని మూడో అంతస్తు ఫ్లాటుకు చేర్చిన పని వివరాలు ఇవి. బండి మా మావయ్య గారి బియ్యం మిల్లు లారీ, సరుకు పెట్టే బాడీ పొడవు 17 అడుగులు. నడిపింది నేను, అంతకుముందు నాకు కారు తప్ప మరో బండి అలవాటు లేదు. మిల్లు డ్రైవరుగారు ప్రయాణమంతా పక్కన కూర్చున్నారు, తిరుగు దారిలో ఖాళీ బండిని ఆయనే తీసుకువెళ్లారు. ఇదే పని తలపెట్టేవారికి ముందుగా చెప్పవలసింది ఒకటుంది. ఇంటి సామానుకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం బండి కదలకముందే, ఎక్కించేటప్పుడే ఖాయమైపోతుంది. గతుకుల రోడ్డు దాన్ని బయటపెడుతుంది, అంతే. అందువల్ల ఇక్కడ ప్రయాణం కన్నా కొలతలకు, విప్పడానికి, చుట్టడానికి, కట్టడానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదటి దశ: కాగితాలు

కారు లైసెన్సుతో లారీ నడపవచ్చా అన్నది అందరూ అడిగిన మొదటి ప్రశ్న. మోటారు వాహనాల చట్టం ప్రకారం స్థూల బరువు 7,500 కిలోలకు మించని బండి తేలికపాటి మోటారు వాహనమే. ఈ తరగతి లైసెన్సు ఉన్నవారు ఆ పరిమితిలోపు రవాణా వాహనాన్ని నడపడానికి వేరే ఆమోదం అవసరం లేదని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది. మా బండి ఆర్‌సీలో స్థూల బరువు 7,490 కిలోలు అని ఉంది. అక్కడ చూడవలసింది ఖాళీ బండి బరువును కాదు, బండి, సరుకు కలిపి అనుమతించిన గరిష్ఠ బరువును. 19 అడుగుల బండి అయితే చోటు ధారాళంగా ఉండేది గాని, అలాంటి వాటి స్థూల బరువు చాలావరకు ఈ గీత దాటుతుంది కాబట్టి ఆ ఆలోచన మానుకున్నాం.

బయలుదేరే ముందు సరిచూసుకున్నవి:

1. ఆర్‌సీ, ఫిట్‌నెస్, పొల్యూషన్, ఇన్సూరెన్సు కాగితాల గడువులు.
2. పర్మిట్. రాష్ట్రాలు వేరయ్యాయి కాబట్టి ఆంధ్ర పర్మిట్ ఒక్కటే ఉంటే తెలంగాణలోకి వెళ్లడానికి చాలదు. ఈ బండికి నేషనల్ పర్మిట్ ఉంది. లేకపోతే తాత్కాలిక పర్మిట్ తీసుకోవలసి వచ్చేది.
3. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసుకునే జీఎస్టీ పత్రం). వాడిన గృహోపకరణాలకు, సొంత సామానుకు జీఎస్టీ నిబంధనలలోనే మినహాయింపు ఉంది. అయినా సామాను జాబితా, రెండు ఇళ్ల చిరునామాలు ఉన్న కాగితం ఒకటి సంతకం చేసి క్యాబినులో ఉంచాను.
4. బండిలో మనుషులు. సరుకు బండి బీమా సరుకు యజమానికి లేదా అతని ప్రతినిధికి వర్తిస్తుంది, సరదాగా ఎక్కిన బంధువులకు వర్తించదు. అమ్మ, పిన్ని రైల్లో వచ్చారు.

రెండో దశ: కొలతలు, బరువులు

బాడీ లోపలి కొలతలు: పొడవు 17 అడుగులు, వెడల్పు 6 అడుగుల 8 అంగుళాలు. నేల నుంచి బాడీ అడుగు 3½ అడుగుల ఎత్తు. ప్రతి వస్తువు పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకుని, నేలమీద సుద్దతో బాడీ గీత గీసి, అట్టముక్కలను వస్తువులుగా పరిచి చూశాం. వెదురు నిచ్చెన 19 అడుగులు ఉంది. సరుకు బాడీ దాటి బయటికి పొడుచుకు వస్తే 20,000 రూపాయల జరిమానా ఉంది కాబట్టి దాన్ని పక్కింటివారికి ఇచ్చేశాం.

తూకానికి మిల్లులోని ప్లాట్‌ఫారం కాటా తెచ్చుకున్నాం. కాటా మీద పెట్టలేని వాటికి లెక్క కట్టాను. ఆరిన టేకు ఘనపు మీటరు సుమారు 650 కిలోలు తూగుతుంది. ఉయ్యాల బల్ల ఘనపరిమాణం కొలిచి దీనితో గుణిస్తే 57 కిలోలు వచ్చింది. తరవాత కాటా మీద 58 చూపింది. దానితో లెక్కమీద నమ్మకం కుదిరి, పందిరి మంచానికీ అదే పద్ధతి వాడాను.

- ఇనప్పెట్టె: 420 కిలోలు
- పందిరి మంచం, అన్ని భాగాలూ కలిపి: 190
- భోషాణం: 165
- ఉయ్యాల బల్ల, ఇత్తడి గొలుసులు: 80
- అద్దాల బీరువా: 125
- ఇనుప బీరువాలు రెండు: 190
- బల్లలు, కుర్చీలు, పడక కుర్చీ: 210
- గుండిగలు, గంగాళాలు, ఇతర ఇత్తడి: 150
- రుబ్బురోలు, సన్నికల్లు: 130
- పుస్తకాలు, ట్రంకు పెట్టెలు: 240

సామాను మొత్తం: 1,900 కిలోలు.

ఖాళీ బండి 3,560 కిలోలు. చుట్టే సరంజామా కలిపినా పరిమితికి ఇంకా దాదాపు రెండు టన్నుల వెసులుబాటు ఉంది. అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకూ మరో 2,000 జరిమానా పడుతుంది. ఇంటి సామానుతో ఆ భయం అరుదు. ఇంటి సామానుతో వచ్చే అసలు చిక్కు బరువు ఎంత అన్నది కాదు, ఎక్కడ అన్నది; దాని సంగతి అయిదో దశలో వస్తుంది.

దారి ఎత్తును కూడా కొలిచాం. పదిన్నర అడుగుల వెదురు గడ పట్టుకుని ఇంటి నుంచి పెద్ద రోడ్డు దాకా నడిచాను. మా వీధిలో ఒక కేబుల్ తీగ గడకు తగిలింది, కాలువ గట్టు మీద రెండు కొబ్బరి మట్టలు తగిలాయి. తీగను పైకి కట్టించాం, మట్టలు కొట్టించాం. కోనసీమ ఊళ్లలో ఈ నడక తప్పనిసరి.

వనస్థలిపురంలో కొలవవలసినవి కూడా ఇదే దశలో తెప్పించుకున్నాను: గేటు ఆర్చి ఎత్తు, మెట్ల మలుపు వెడల్పు, లిఫ్టు తలుపు వెడల్పు, లిఫ్టు లోపల పలకమీద రాసి ఉన్న బరువు. ఆ పలక మీద ఆరుగురు మనుషులు, 408 కిలోలు అని ఉంది. ఇనప్పెట్టె 420. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పడ్డాక పెట్టె తలుపును ఊడదీయక తప్పదని తేలింది.

మూడో దశ: విప్పడం

వడ్రంగి గారిని పిలిచింది పందిరి మంచం కోసం. అందులో ఒక్క ఇనుప మేకు లేదు. కోళ్లకు (మంచం కాళ్లకు) బెజ్జాలు, పట్టెలకు (కాళ్లను కలిపే చట్రం కర్రలకు) ఆ బెజ్జాల్లో దూరే కుసులు, రెంటినీ బిగించే చెక్క చీలలు, అంతే. కొన్ని చీలలు రంగులతో, పాలిష్‌తో కలిసిపోయి ఎక్కడున్నాయో కూడా తెలియలేదు. ఆయన వేలి గోటితో తడుముకుంటూ పోయి, చీల తల దగ్గర ఉలి మొనతో పాలిష్ పొరను మాత్రం చుట్టూ కోశారు. చీలను లావుగా ఉన్న వైపు నుంచి కొడితే ఇంకా బిగుసుకుంటుంది, సన్నగా ఉన్న వైపు నుంచి కొట్టాలి. ఏది సన్నవైపో తలల వ్యాసాలు కొలిచి చూస్తేనే తెలుస్తుంది. మా మంచం చీలలకు ఒక చివర 14 మిల్లీమీటర్లు, రెండో చివర 11.

పాటించిన వరస:

1. విప్పకముందు నాలుగు వైపులా ఫోటోలు.
2. ప్రతి కీలుకు ఒక అంకె. కోడు మీద, పట్టె మీద, చీల మీద అదే అంకె, కనపడని లోపలి ముఖం మీద పెన్సిలుతో.
3. పై పందిరి చట్రం ముందు, తలవైపు పలక తరవాత, పట్టెలు చివర.
4. కొట్టేటప్పుడు కొయ్య సుత్తి, మధ్యలో మెత్తని చెక్కముక్క. ఇనుప సుత్తిని ఇంట్లోనే ఉంచలేదు.
5. చీలలన్నీ అంకెల వారీగా గుడ్డ సంచుల్లో. ఆ సంచులు ట్రంకు పెట్టెలో కాకుండా క్యాబినులో.

రెండో అంకె వేసిన కీలు రాలేదు. కుసికి లోపల చెమ్మ పట్టి ఉబ్బింది. వడ్రంగి గారు దాన్ని బలవంతం చేయనివ్వలేదు. "రేపు మధ్యాహ్నం ఎండలో పెడదామండి, అదే వదులుతుంది" అన్నారు. కోడును, పట్టెను కలిపే వాకిట్లో నీరెండకు పెట్టాం. మర్నాడు సాయంత్రానికి నాలుగు దెబ్బలకు వచ్చింది. తొందరపడి ఉంటే కుసి చెక్క నిలువునా చీలేది.

అద్దాల బీరువా అద్దాలను విడదీసి విడిగా తీసుకువెళ్లాలని మొదటి ఉద్దేశం. పాత అద్దాల చుట్టూ ఉన్న లప్పం (పుట్టీ) గట్టిపడి రాయిలా ఉంది, ఉలితో తీస్తే అద్దం అంచు పగిలే ప్రమాదం కనిపించింది. అందుకే తలుపులనే బందులతో సహా విప్పి, అద్దాలు వాటిలోనే ఉంచాం. అద్దం బోర్లా పడుకుంటే బలహీనం, నిలువుగా నిలబడితే గట్టిది. తలుపులు రెండూ నిలువుగానే ప్రయాణం చేశాయి.

ఇప్పటివరకు ఖర్చు: వడ్రంగి కూలి 2,400 రూపాయలు.

నాలుగో దశ: చుట్టడం

ఇక్కడ రెండు పద్ధతులు విఫలమయ్యాయి.

మొదటిది పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ చుట్ట. దుమ్ము పడదు, తొందరగా అవుతుంది అని పట్టెలను, తలవైపు పలకను దానితో నేరుగా చుట్టి ఒక రాత్రి వరండాలో ఉంచాం. తెల్లవారేసరికి లోపల చెమ్మ చుక్కలు కట్టింది. విప్పి చూస్తే స్పిరిట్ పాలిష్ మీద పాలు ఒలికినట్టు తెల్లని మచ్చలు. లక్కతో చేసిన పాలిష్‌కు నీటి ఆవిరి పడదు. వడ్రంగి గారు మెత్తని గుడ్డ ఉండకు కొద్దిగా స్పిరిట్ అద్ది, ఒత్తకుండా పైపైన ఒకే దిశలో తిప్పితే మచ్చలు చాలావరకు పోయాయి. తలవైపు పలకమీద అరచేయంత మచ్చ ఒకటి మిగిలింది. ఆ తరవాత పాలిష్ చెక్కకు ముందు పాత నూలు చీర, దానిమీద బొంత, ఆపైన గోనె. ప్లాస్టిక్ అన్నది దేనికీ తగలనివ్వలేదు. నూలు గాలి ఆడనిస్తుంది.

రెండోది వరిగడ్డి. కోళ్ల మీద చెక్కిన పద్మాల మధ్య నింపడానికి బాగుంటుందనుకున్నాం. గడ్డి నలిగిపోయి, రెండు సార్లు ఎత్తి దించేసరికి సగానికి సగం కుంగింది, చుట్టు వదులైంది. దాని బదులు కొబ్బరి పీచు తెచ్చాం. అమలాపురం ప్రాంతంలో అది దొరకని ఊరు లేదు. పీచు నొక్కితే మళ్లీ పైకి లేస్తుంది. అందుకే దాన్ని పరుపుల్లో వాడతారు. పీచును గోనెలో పలుచగా పరిచి, ఆ గోనెను కోడుకు చుట్టి, నూలు తాడుతో జానెడుకొక ముడి వేశాం.

మూలలకు మందపాటి అట్ట, దానిమీద పాత సైకిలు ట్యూబు ముక్కలు. తాడు చెక్కను కోసేది మూలల దగ్గరే.

చుట్టే సరంజామా బరువు: 60 కిలోలు. బండిమీద మొత్తం సరుకు: 1,960 కిలోలు.
ఇప్పటివరకు ఖర్చు: గోనెలు, పీచు, తాళ్లు, బెల్టులు కలిపి 3,850, మొత్తం 6,250 రూపాయలు.

అయిదో దశ: ఎక్కించడం, కాటా

ముఠా వారు (సరుకు మోసే కూలీల జట్టు) బియ్యం బస్తాలు ఎక్కించే అలవాటున్న మనుషులు. బస్తాలను ఎక్కడ వేసినా బరువు ఒకటే కాబట్టి వారికి క్రమం అన్న ఆలోచన ఉండదు. తేలికైనవి ముందు లోపలికి వెళ్లాయి, అందరూ కలిసి పట్టవలసిన ఇనప్పెట్టె చివరికి మిగిలి వెనక తలుపు దగ్గర కూర్చుంది. దాని పక్కనే రుబ్బురోలు, ట్రంకు పెట్టెలు. బాడీ నిండుగా, చూడటానికి ముచ్చటగా ఉంది. వేబ్రిడ్జికి (బండ్లను తూచే కాటాకు) వెళ్లేటప్పుడే డ్రైవరుగారు స్టీరింగు పట్టుకుని, "తేలిపోతోందండి" అన్నారు. నేను పట్టుకుని చూస్తే చక్రం వేలితో తిరుగుతోంది.

వేబ్రిడ్జి మీద ముందు చక్రాలను, వెనక చక్రాలను విడివిడిగా తూచమని అడిగాం. ఎక్కువమంది మొత్తం బరువు చీటీ మాత్రమే తీసుకుంటారు. ఈ విడి తూకమే అసలు ఉపయోగపడేది.

- ఖాళీ బండి: ముందు 1,890, వెనక 1,670, మొత్తం 3,560
- ఎక్కించాక: ముందు 1,740, వెనక 3,780, మొత్తం 5,520

దాదాపు రెండు టన్నుల సరుకు ఎక్కించిన తరవాత ముందు ఇరుసు మీద బరువు ఖాళీ బండికన్నా 150 కిలోలు తగ్గింది. సరుకు గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించే బిందువు, వెనక ఇరుసుకు అవతల పడితే బండి తూగుడుబల్లలా పని చేస్తుంది, ముందు చక్రాలు తేలికవుతాయి. తిప్పే చక్రాలే నేలను గట్టిగా పట్టుకోని బండిని హైవే మీదికి తీసుకువెళ్లే ప్రశ్నే లేదు. వెనక్కి తెచ్చి మొత్తం దించి మళ్లీ ఎక్కించాం.

రెండోసారి వరస:

1. బాడీ నేలమీద సుద్దతో మూడు గళ్లు. క్యాబినును ఆనుకుని బరువైనవి, వెనక ఇరుసుకు ముందు దాకా మధ్యరకం, ఇరుసు దాటాక తేలికవి మాత్రమే.
2. ఇనప్పెట్టె ముందుగా, క్యాబిను గోడకు ఆనించి, ఎడమకుడి మధ్యలో. దాని రెండు పక్కలా రుబ్బురోలు, పుస్తకాల ట్రంకులు.
3. భోషాణం, ఇనుప బీరువాలు వాటి వెనక, తలుపులు లోపలివైపు చూసేలా.
4. అద్దాల తలుపులు బండి పొడవునా నిలువుగా, రెండు పరుపుల మధ్య.
5. మంచం కోళ్లు, పట్టెలు పైన అడ్డంగా కాకుండా పొడవునా. సడన్ బ్రేకుకు అడ్డంగా ఉన్న కర్ర దొర్లుతుంది.
6. కుర్చీలు, పడక కుర్చీ, ఖాళీ గుండిగలు చివర.

ఇనప్పెట్టెను ఎక్కించడానికి 12 అడుగుల తాటి దూలాలు రెండు వాలుగా వేసి, పెట్టె కింద ఇనుప పైపులు దొర్లించాం. మూడున్నర అడుగుల ఎత్తుకు 12 అడుగుల వాలు అంటే, రాపిడి వదిలేస్తే, 420 కిలోలకు సుమారు 122 కిలోల తోపు చాలు. పలుగుతో వెనక నుంచి అడ్డు పెడుతూ, జానెడు జానెడుగా ఎక్కించారు. దూలాల కింద ఇటుకలు పేర్చి మధ్యలో ఆసరా ఇవ్వకపోతే అవి వంగుతాయి.

- రెండోసారి కాటా: ముందు 2,400, వెనక 3,120, మొత్తం 5,520

స్టీరింగు బరువెక్కింది, బండి గీత మీద నడిచింది.

ఇక కట్టడం. సరుకు బిగించే అంతర్జాతీయ ప్రమాణాలలో, గట్టి బ్రేకు పడితే సరుకు ముందుకు తన బరువులో 80 శాతం బలంతో తోస్తుందని, పక్కలకు, వెనక్కి 50 శాతమని లెక్క వేస్తారు. మాకు ముందుకు 1,570 కిలోలు, పక్కలకు 980. ముందుకు వచ్చే బలాన్ని తాళ్లు ఆపలేవు, క్యాబిను గోడకు ఖాళీ లేకుండా ఆనించడమే ఆపుతుంది. పక్కల బలానికి 50 మిల్లీమీటర్ల రాచెట్ బెల్టులు (పళ్ల చక్రం ఉన్న మీటతో బిగించేవి), మిగతాచోట్ల కొబ్బరి మోకులు. ఖాళీలన్నిటిలో తలగడలు, పీచు గోనెలు కూరాం. పైన బరకం కప్పి వల వేశాం.

ఇప్పటివరకు ఖర్చు: ముఠా కూలి రెండు విడతలు 7,500, కాటా 300, మొత్తం 14,050 రూపాయలు.

ఆరో దశ: రోడ్డు

బయలుదేరేముందు మిల్లు ఆవరణలో మలుపులు సాధన చేశాను. సుద్దతో వంపు గీసి ముందు చక్రాన్ని దానిమీద నడిపితే, వెనక చక్రం గీతకు దాదాపు మూడు అడుగులు లోపలికి కోసుకుపోయింది. కారు నడిపేవారు మలుపులో గోడకు రాసేది ఈ మూడు అడుగుల వల్లే. ముందు చక్రం మలుపు మూలను పూర్తిగా దాటాకే తిప్పడం మొదలుపెట్టాలి.

రాత్రి హైవే మీద దూరప్రయాణం చేయకూడదని ముందే అనుకున్నాం. సంక్రాంతి రద్దీ తగ్గి, వానలు లేని ఫిబ్రవరి మొదటి భాగం ఎంచుకున్నాం. 2024 సెప్టెంబరు మొదట్లో వరదకు గరికపాడు దగ్గర పాలేరు వంతెన పక్క రోడ్డు కొట్టుకుపోయి విజయవాడ–హైదరాబాదు దారే నిలిచిపోయిన సంగతి అందరికీ గుర్తుంది. మాఘమాసంలో వెళ్లేవారు మరొకటి చూసుకోవాలి: రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర జరిగినప్పుడు ఆ రహదారి బండ్లను మళ్లిస్తారు.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం.

*కొత్తపేట మీదుగా రావులపాలెం, 34 కిలోమీటర్లు.* మొదటి ఆగుడు. కొబ్బరి మోకులన్నీ వదులయ్యాయి. వేలు దూరేంత బిగువు ఉండవలసినచోట పిడికిలి దూరింది. కొబ్బరి తాడు మొదటి గంటలో సాగుతుంది, లోపలి సామాను సర్దుకుని కుంగుతుంది, రెండూ కలుస్తాయి. రాచెట్ బెల్టులు మాత్రం రెండు పళ్ల బిగింపుతో సరిపోయాయి. మోకులన్నిటినీ విప్పి మళ్లీ కట్టడానికి ముప్పావుగంట పట్టింది. బెల్టులకే మరికొంత డబ్బు పెట్టి మోకులను మానేయడం మేలు.

*రావులపాలెం నుంచి హనుమాన్ జంక్షన్, మొత్తం 124.* ఈతకోట టోలు, సిద్ధాంతం వంతెన, తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు. వేగం 50 నుంచి 55. రవాణా బండ్లకు 80 దాటనివ్వని స్పీడు గవర్నరు ఉంటుంది గాని, ఈ సరుకుతో ఆ దరిదాపులకు వెళ్లలేదు. వాలు దిగేటప్పుడు ఎగ్జాస్టు బ్రేకు (ఇంజను పొగను అడ్డగించి వేగం తగ్గించేది), కింది గేరు. కాలి బ్రేకును ఆఖరి ఆగుడుకు దాచుకోవడం డ్రైవరుగారు నేర్పిన పద్ధతి.

*హనుమాన్ జంక్షన్ నుంచి ఇబ్రహీంపట్నం, మొత్తం 192.* విజయవాడ నగరంలో పొద్దుటి రద్దీ వేళ పెద్ద బండితో దూరడం ఇష్టం లేక నూజివీడు, మైలవరం మీదుగా తిరిగాం. దూరం పెరిగింది, రద్దీ తగ్గింది, గతుకులు మాత్రం ఇక్కడే తగిలాయి. కమాన్ పట్టీలు (బండి కింది స్ప్రింగు పట్టీలు) పూర్తి బరువుకు తయారైనవి. సగం బరువుతో ఉన్న బండి గతుకులో కుంగదు, ఎగురుతుంది. మైలవరంలో ఆగి బరకం ఎత్తి చూస్తే రెండు నష్టాలు కనిపించాయి. వెనక ఇరుసు మీద ఉన్న ఒక కోడుకు గోనె, పీచు అరిగి, పద్మం రేకు ఒకటి అంగుళం మేర పక్క పట్టెకు రాసుకుని తెల్లబడింది. భోషాణం వెనక కాలికి ఉన్న చెక్క చీల విరిగి కాలు వంకరపోయింది. భోషాణం తన 165 కిలోల బరువుతో ప్రతి గతుకుకూ ఆ నాలుగు కాళ్లమీదే పడింది. అక్కడే కొబ్బరి పీచు గోనెలు మడిచి పెట్టె అడుగుకు, బాడీకి మధ్య కూర్చి, బరువు కాళ్ల మీద కాకుండా అడుగు పలక మీద ఆనేలా ఎత్తాం. కాళ్లున్న పెట్టెలను మొదటి నుంచే ఇలా ఎక్కించాలి. కోళ్ల మధ్య తలగడలు దూర్చాం. తరవాతి దారిలో ఆ రెండూ కదలలేదు.

*ఇబ్రహీంపట్నం నుంచి సూర్యాపేట, మొత్తం 310.* కీసర, చిల్లకల్లు టోళ్లు, గరికపాడు దగ్గర రాష్ట్రం హద్దు, కోదాడ. నాలుగు వరసల నున్నని రోడ్డు, చెప్పుకోదగ్గదేమీ లేదు. ఆగిన ప్రతిచోటా చేసినవి ఇవి:

1. చక్రాల నట్లు, టైర్లు చేత్తో తడిమి వేడి చూడటం.
2. బెల్టుల బిగువు.
3. బరకం అంచులు. గాలికి కొట్టుకునే బరకం ఒక గంటలో తనంతట తానే చిరుగుతుంది.
4. బ్రేకు గాలి మీటరు.

*సూర్యాపేట నుంచి వనస్థలిపురం, మొత్తం 434.* కొర్లపహాడ్, పంతంగి టోళ్లు దాటి పెద్ద అంబర్‌పేట చేరేసరికి సాయంత్రమైంది. హైదరాబాదులో పగలు పెద్ద బండ్ల ప్రవేశం మీద ఆంక్షలు ఉంటాయి కాబట్టి ఔటర్ రింగు రోడ్డు ఇవతలే ఆగి, రాత్రి భోజనాలయ్యాక చివరి ముక్క పూర్తి చేశాం. ఆ కొద్ది దూరం స్టీరింగు డ్రైవరుగారికి ఇచ్చాను. వీధుల్లో కిందికి వేలాడే కేబుల్ తీగలను చూస్తూ నేను బాడీ మీద గడతో నిలబడ్డాను.

డీజిలు: 60 లీటర్లు, అంటే లీటరుకు 7.2 కిలోమీటర్లు.
ఇప్పటివరకు ఖర్చు: డీజిలు 5,760, టోళ్లు, భోజనాలు 2,490, మొత్తం 22,300 రూపాయలు.

ఏడో దశ: దించడం

మర్నాడు పొద్దున హమాలీలు వచ్చారు. ఎక్కించిన వరసకు తలకిందులుగా దిగుతుంది కాబట్టి ఇనప్పెట్టె చివరికి వచ్చింది. తలుపు బందులు పైకి ఎత్తితే ఊడివచ్చే పాత రకం. తలుపు ఒక్కటే 110 కిలోలు తూగింది. మిగిలిన పెట్టె 310 కిలోలు. లిఫ్టులో పెట్టెను ఒక్కదాన్నే, మనుషులు లేకుండా, కింద ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలక పరిచి పంపాం. పలక లేకపోతే పెట్టె కాళ్లు లిఫ్టు నేలను గుంటలు చేస్తాయి. తలుపు తరవాతి విడతలో వెళ్లింది.

పైకి చేరాక నేల సంగతి. ఇళ్ల స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువుకు లెక్కవేసి కడతారు. పెట్టె అడుగు 60 సెంటీమీటర్ల చదరం, అంటే ఆ చోట చదరపు మీటరుకు 1,170 కిలోల ఒత్తిడి. గది మధ్యలో పెట్టే ఆలోచనను స్ట్రక్చరల్ ఇంజనీరు ఒప్పుకోలేదు. దూలం మీద, స్తంభం పక్కన ఉన్న మూల చూపించి, కింద నాలుగడుగుల చదరం మందపాటి పలక వేయమన్నారు. పలక బరువును పరిచి చదరపు మీటరుకు 280 కిలోలకు దించుతుంది, మిగతాది దూలం మోస్తుంది.

భోషాణం మెట్ల మలుపులో తిరగలేదు. మలుపు వెడల్పు 39 అంగుళాలు, పెట్టె వెడల్పు 32, పొడవు 58. నిలువుగా ఎత్తితేనే తిరుగుతుందని అట్టముక్కతో ముందే తేల్చుకున్నాం. మూతను విడదీసి, పెట్టెను నిలబెట్టి తీసుకువెళ్లారు.

ఇప్పటివరకు ఖర్చు: దించడం, ప్లైవుడ్, పలకలు 6,700, మొత్తం 29,000 రూపాయలు.

ఎనిమిదో దశ: బిగించడం, ఇంకా మిగిలినవి

మంచాన్ని వెంటనే బిగించలేదు. కోనసీమ తేమలో పెరిగిన చెక్క హైదరాబాదు పొడిగాలిలో ముడుచుకుంటుంది. ఆ ముడుత ఆగకముందే చీలలను బలంగా కొడితే తరవాత పలకలు చీలుతాయి. భాగాలను గదిలోనే గోడకు ఆనించి కొన్ని వారాలు వదిలాక, అంకెల ప్రకారం పేర్చి, చీలలను చేతి బలంతో మాత్రమే నొక్కాం. అంకెలు వేసిన కారణంగా పేర్పు ఒక పూటలో అయింది. రెండో అంకె కీలు, ఎండలో పెట్టి విప్పినది, ఇప్పుడు వదులుగా ఉంది. కుసికి పలుచని టేకు చెక్క అతకాలి.

భోషాణం మూతలో రెండు పలకల మధ్య సందు ఫిబ్రవరిలో 1 మిల్లీమీటరు, ఏప్రిల్ చివర 2½. దానిలో ఇప్పుడు లప్పం పెడితే వానాకాలంలో పలకలు ఉబ్బి లప్పాన్ని బయటికి నెట్టేస్తాయి. అందుకని సెప్టెంబరు దాకా నెలకోసారి సందు కొలిచి మూత లోపలివైపు పెన్సిలుతో రాస్తున్నాను. విరిగిన కాలి చీలను కొత్త టేకుతో చేయించి వేశాం. పద్మం రేకు మీద రాపిడిని అలాగే ఉంచమని అమ్మ చెప్పింది, ఉంచాం.

ఉయ్యాల బల్ల ఇంకా వేలాడలేదు. బల్ల, గొలుసులు 80 కిలోలు, ముగ్గురు కూర్చుంటే మరో 200, ఊగినప్పుడు ఆ బరువు ఇంకా పెరుగుతుంది. స్లాబుకు రంధ్రం వేసి బిగించే మామూలు కొక్కేలు దీనికి పనికిరావని ఇంజనీరు చెప్పారు. దూలానికి రెండు వైపులా ఇనుప పలకలు పెట్టి బోల్టులతో బిగించే ఏర్పాటుకు ఆయన గీసిన కొలతలు వెల్డింగు షాపులో ఇచ్చాను.